మొదటిసారి సీఎస్ఆర్ నిధులకు దరఖాస్తు: పదిహేను రోజుల్లో ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

పలకాబలపం | జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నారాయణపేట జిల్లాలో మక్తల్ వైపు ఆరు ఊళ్లలో మా సొసైటీ సాయంత్రపు బడులు నడుపుతోంది. ముంబై, పుణె పనులకు వలస వెళ్లే కుటుంబాల పిల్లలే ఎక్కువ. 2016లో రిజిస్టర్ చేశాం. నేను కార్యదర్శిని. 174 మంది పిల్లలు, ఊరికొకరు చొప్పున ఆరుగురు బోధకులు. ఒక్కొక్కరికి నెలకు 3,500 రూపాయలు ఇస్తున్నాం. ఏడాది ఖర్చు మొత్తం 4,20,000. తెలిసిన ఉపాధ్యాయులు, దుకాణదారులు ఇచ్చే చందాలతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం.

పోయిన వారం సీఎస్ఆర్ నిధుల (కంపెనీలు సామాజిక పనులకు ఖర్చు చేయాల్సిన సొమ్ము) గురించి హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వారు ఫోను చేశారు. మా పని గురించి ఎవరో చెప్పారట. పదిహేను రోజుల్లో ప్రతిపాదన పంపితే 25 లక్షల దాకా చూడవచ్చు అన్నారు. మొదటి రెండు రాత్రులు సంతోషంతో నిద్ర పట్టలేదు, ఇప్పుడు భయంతో పట్టడం లేదు.

మా దగ్గర రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, తాత్కాలిక 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జీ (దాతలకు పన్ను తగ్గింపు ఇచ్చే ఆమోదం) ఉన్నాయి. సీఎస్ఆర్-1 నంబరు అడిగారు, అది ఏమిటో తెలియదు. ఎవరి దగ్గరైనా నమూనా ప్రతిపాదన ఉంటే ఇవ్వగలరా?

నిధుల దారి | జనవరి 6, రాత్రి 10:15

మేడం, మీరేమీ కంగారు పడకండి. ప్రతిపాదన, పత్రాలు, కంపెనీతో మాట్లాడటం అన్నీ మేమే చూసుకుంటాం. నిధులు వచ్చాకే పది శాతం. ముందు ఒక్క రూపాయి అక్కర్లేదు. నంబరు విడిగా పంపాను.

చింతచెట్టు నీడ | జనవరి 6, రాత్రి 10:52

పలకాబలపం గారూ, ఆ నంబరుకు ఫోను చేయకండి. ఆ పది శాతాన్ని పద్దుల్లో ఏ పేరుతో రాస్తారు? కంపెనీ ఇచ్చేది పిల్లల చదువుకు. అందులోంచి మధ్యవర్తికి ఇస్తే అది ప్రాజెక్టు ఖర్చు కాదు. దాన్ని కప్పిపుచ్చడానికి దొంగ బిల్లు పుడుతుంది. మొదటి దొంగ బిల్లు పుట్టాక రెండోది తోబుట్టువులా వెంటనే వస్తుంది. ప్రతిపాదన రాసిపెట్టినందుకు ఎవరికైనా ముందే మాట్లాడుకున్న రుసుము రసీదు తీసుకుని ఇవ్వడం వేరు, వచ్చిన నిధిలో వాటా వేరు.

అనంతపురం జిల్లాలో 18 ఏళ్లుగా సంస్థ నడుపుతున్నాను. నమూనా ప్రతిపాదన నా దగ్గర ఉంది, ఇవ్వను. నా ప్రతిపాదనలో నా ఊళ్లు ఉంటాయి. మీరు పేర్లు మార్చి పంపుతారు, చదివేవారికి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

నిర్వాహకుడు | జనవరి 6, రాత్రి 11:05

కమీషన్ ప్రకటనలకు ఇక్కడ చోటు లేదు. 'నిధుల దారి' ఖాతా నిలిపివేశాం.

ఎర్రసిరా | జనవరి 7, ఉదయం 6:30

నేను ఆడిటర్ని. తెల్లవారకముందే ఈ చర్చ చూశాను, కాఫీ చల్లారిపోయింది.

సీఎస్ఆర్-1 అంటే కంపెనీల వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర మీ సంస్థ చేసుకునే నమోదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అది లేని సంస్థకు కంపెనీలు సీఎస్ఆర్ పని అప్పగించడానికి వీల్లేదు. ఆన్‌లైన్‌లో నింపి, మీ తరఫున ఒకరి డిజిటల్ సంతకం పెట్టి, మా వంటి చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తే నంబరు వస్తుంది. పత్రాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోతే పెద్ద పని కాదు.

చిక్కంతా ఆ సరిపోవడంలోనే ఉంది. ఇప్పుడే రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని సంస్థ పేరు అక్షరం అక్షరం చదవండి. తెలుగులో కాదు, ఇంగ్లీషు స్పెల్లింగు. చిరునామా కూడా. తర్వాత ఈ మూడింటికి జవాబు చెప్పండి: కమిటీలో ఎవరెవరు ఉన్నారు? జిల్లా రిజిస్ట్రార్‌కు కమిటీ జాబితా చివరిసారి ఎప్పుడు ఇచ్చారు? తాత్కాలిక 12ఏబీ గడువు ఎప్పటితో ముగుస్తుంది?

బల్లకు అవతల | జనవరి 7, ఉదయం 11:20

నేను ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగంలో పనిచేస్తాను. మీకు ఫోను చేసిన కంపెనీ కాదు. అవతలి వైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

'పదిహేను రోజులు' అన్నది ఎందుకో చెప్తే మీ భయం కొంత తగ్గవచ్చు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ముందు ఏడాది నికర విలువ 500 కోట్లు లేదా టర్నోవర్ 1,000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్లు లేదా అంతకు మించి ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. లెక్క మార్చి 31తో ముగుస్తుంది. మిగిలిపోయిన డబ్బును చట్టం చెప్పిన నిధికో ప్రత్యేక ఖాతాకో మళ్లించాలి, ఎందుకు మిగిలిందో నివేదికలో రాయాలి. అది ఏ మేనేజరుకూ ఇష్టం ఉండదు. అందుకే సంక్రాంతి దగ్గర పడే కొద్దీ మా ఫోన్లు ఎక్కువవుతాయి. ఆ తొందర మాది. దాన్ని మీ నెత్తిన వేసుకోకండి.

రెండోది. ప్రతిపాదన పక్కన పెట్టండి. ఇవాళ సాయంత్రం మీ ఆరు బడుల్లో ఎంతమంది పిల్లలు కూర్చుంటారు?

పలకాబలపం | జనవరి 7, రాత్రి 9:15

మూడు పత్రాలు బల్ల మీద పెట్టాను. ఎర్రసిరా గారూ, మీ నోట చక్కెర పోయాలో ఉప్పు పోయాలో తెలియడం లేదు. పాన్ కార్డులో మా సంస్థ పేరులో ఒక 'హెచ్' ఎక్కువ ఉంది. పదేళ్లుగా చూస్తున్న కార్డు! పాస్‌బుక్‌లో పాత అద్దె ఇంటి చిరునామా.

కమిటీలో ఏడుగురం. అధ్యక్షుడు మా వారు, కోశాధికారి మా ఆడపడుచు, సభ్యుల్లో మా మామగారు. మిగతా ముగ్గురిలో ఒకాయన బదిలీ అయి హనుమకొండ వెళ్లిపోయి నాలుగేళ్లయింది. రిజిస్ట్రార్‌కు జాబితా మొదటి రెండేళ్లు ఇచ్చాం, తర్వాత ఇవ్వలేదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ వచ్చే ఏడాది మార్చి దాకా ఉంది.

బల్లకు అవతల గారూ, ఇవాళ 96 మంది. 174 అన్నది జూలై లెక్క. దసరా దాటాక మేస్త్రీలు బయానా ఇచ్చి కుటుంబాలను తీసుకువెళ్తారు. మళ్లీ వానలకు ముందు వస్తారు. ప్రతిపాదనలో 174 అనే రాయాలనుకున్నాను, అబద్ధం కాదు కదా అని.

వేరుశనగ | జనవరి 7, రాత్రి 9:48

ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. ఈ డబ్బు మీకు అవసరమా? 4 లక్షల్లో పదేళ్లు నడిచిన బడి, 25 లక్షలు వచ్చిన ఏడాది తర్వాత 4 లక్షలకు తిరిగి దిగగలదా? మా మండలంలో ఒక సంస్థకు ఇలాగే పెద్ద నిధి వచ్చింది. కార్యాలయం, రెండు ద్విచక్ర వాహనాలు, తొమ్మిది మంది ఉద్యోగులు. రెండేళ్ల తర్వాత కంపెనీ వేరే జిల్లాకు మళ్లింది. చందాలు ఇచ్చేవారు 'మీకు కంపెనీ ఉంది కదా' అని అప్పటికే మానేశారు. ఇప్పుడు ఆ బోర్డు ఒక్కటే మిగిలింది.

చింతచెట్టు నీడ | జనవరి 7, రాత్రి 10:30

వేరుశనగ గారితో సగమే ఏకీభవిస్తాను. నెలకు 3,500 తీసుకుని సాయంత్రం రెండు గంటలు పాఠం చెప్పే అమ్మాయికి ఆ అవసరం ఉందో లేదో మనం తేల్చకూడదు, ఆమెను అడగాలి. సేవ పేరుతో పేదవారి శ్రమను చవగ్గా వాడుకోవడం కూడా మన రంగంలో పాత అలవాటే.

25 లక్షల సంగతి మాత్రం నిజం. మొదటిసారి మీ ఏడాది ఖర్చుకు రెండింతలు, మహా అయితే రెండున్నర రెట్లు. అంతకు మించితే ఖర్చు చేయడమే పనైపోతుంది, పిల్లలు పక్కకు పోతారు.

కమిటీ గురించి కూడా ఒక మాట. కోపం తెచ్చుకోకండి. ఏడుగురిలో నలుగురు ఒకే ఇంటివారైతే ఎంత నిజాయితీగా నడిపినా అది కుటుంబ సంస్థ అనే అంటారు.

పలకాబలపం | జనవరి 8, ఉదయం 5:50

కోపం వచ్చింది, దాచుకోను. 2016లో ఊరూరా తిరిగి కమిటీలో ఉండమని అడిగాం. సంతకం అనగానే ఒక్కరూ ముందుకు రాలేదు. ఆ రోజు మా మామగారు 'నా పేరు రాసుకో' అనకపోతే ఈ సొసైటీయే లేదు. ఇప్పుడు ఆయన పేరు తీసేయాలా?

చింతచెట్టు నీడ | జనవరి 8, ఉదయం 7:10

తీసేయమనలేదు తల్లీ. అప్పుడు ఎవరూ రాలేదు, నిజమే. ఇప్పుడు పదేళ్ల బడి ఉంది, మళ్లీ అడిగి చూడండి. ప్రతి ఊరి నుంచి ఒక తల్లినో తండ్రినో సభ్యులుగా చేర్చుకోండి. ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు దొరక్కపోడు. చెక్కు మీద సంతకాలు మీ భార్యాభర్తలవే రెండూ ఉంటే ముందు అది మార్చండి. ఇద్దరిలో ఒకరు బయటివారై ఉండాలి. మామగారిని గౌరవ సలహాదారుగా ఉంచితే ఆయన గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

ఎర్రసిరా | జనవరి 8, ఉదయం 8:05

మీ మూడు జవాబులకు నా జవాబు.

రిజిస్ట్రార్‌కు జాబితా: 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ప్రతి ఏడాది సర్వసభ్య సమావేశం తర్వాత కమిటీ జాబితా దాఖలు చేయాలి. ఇన్నేళ్లు చేయలేదు కాబట్టి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి ఆలస్య రుసుముతో ఏమేమి కట్టాలో అడగండి. ఇక్కడే చాలామంది చేసే పాపం ఒకటి ఉంది. పాత ఏళ్ల సమావేశాలన్నీ ఒకే రాత్రి కూర్చుని రాస్తారు. ఒకసారి నా ముందుకు ఒక తీర్మానాల పుస్తకం వచ్చింది. నాలుగేళ్ల సమావేశాలు, ఒకే నీలి సిరా, ఒకే వాలు. నాలుగో ఏడాది తీర్మానం మీద పడిన టీ మరక మొదటి ఏడాది పేజీ దాకా ఇంకింది. పైగా 2018 సమావేశానికి హాజరైనట్లు సంతకం పెట్టినాయన 2017లో కాలం చేశారు. జరగని సమావేశాన్ని రాయకండి. 'ఈ ఏళ్లలో సమావేశాలు సక్రమంగా జరపలేదు, ఇకపై జరపాలని తీర్మానించాం' అని ఇవాళ్టి తేదీతో నిజం రాయండి. ఆ ఒక్క వాక్యాన్ని మెచ్చుకున్న దాతలను చూశాను.

12ఏబీ: వచ్చే మార్చి దాకా ఉంది కదా అని కూర్చోకండి. తాత్కాలికం నుంచి పూర్తి రిజిస్ట్రేషన్‌కు గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లో, ఏది ముందైతే అప్పటికి 10ఏబీ ఫారంలో దరఖాస్తు పెట్టాలి. మీ పని ఎప్పుడో మొదలైంది, అంటే ఇప్పటికే ఆలస్యం. సరైన కారణం చూపితే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించే వీలుంది. ఈ నెలలోనే పెట్టండి. దీన్ని వదిలేస్తే పన్ను మినహాయింపు పోవడమే కాదు, సంస్థ ఆస్తుల మీదే పన్ను పడే ప్రమాదం ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారతాయి. నేను పాత పేర్లతో చెప్తున్నాను, మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

80జీ రసీదులు ఇస్తున్నారు కదా, ఏటా మే 31లోపు విరాళాల వివరాలు తెలిపే 10బీడీ ఫారం దాఖలు చేస్తున్నారా? అది చేస్తేనే దాతకు 10బీఈ ధ్రువపత్రం వస్తుంది. 2,000 దాటిన నగదు విరాళానికి 80జీ వర్తించదు, అది కూడా మీ దుకాణదారులకు చెప్పండి. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు కూడా తీసుకోండి. కనీసం ముగ్గురు కార్యవర్గ సభ్యుల పాన్, ఆధార్ అడుగుతుంది. ప్రభుత్వ నిధుల జోలికి ఎప్పుడు వెళ్లినా అది కావాలి. కమిటీ మార్చాలనుకుంటే ముందు కమిటీ, తర్వాత దర్పణ్. లేకపోతే రెండుసార్లు పని.

బల్లకు అవతల | జనవరి 8, మధ్యాహ్నం 1:40

174, 96 సంగతికి వస్తాను, నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

మీరు 174 అని రాస్తారు. మావాళ్లు ఫిబ్రవరిలో చూడటానికి వస్తారు. 96 మంది కనిపిస్తారు. ఆ క్షణం నుంచి మీరు చెప్పే ప్రతి అంకెనూ అనుమానంగా చూస్తారు. అదే మీరు మొదటి పేజీలోనే 'జూలైలో 174, జనవరిలో 96, ఎందుకంటే ఇది వలస ప్రాంతం' అని రాస్తే? మిగతా 78 మంది ఎక్కడికి వెళ్లారు, మళ్లీ ఎంతమంది వచ్చారు, వచ్చినవారు తరగతిలో ఎక్కడ ఆగిపోయారు, వారిని మీరు ఎలా అందుకున్నారు? మీ పని అదే కదా. హాజరు పుస్తకంలో వెళ్లిన రోజు, తిరిగి వచ్చిన రోజు రాస్తున్నారా?

ఇంకో మాట. సీఎస్ఆర్ నిబంధనల్లో పాలనా ఖర్చులకు 5 శాతం పరిమితి అని ఉంది, అది కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడపడానికి పెట్టే ఖర్చుకు వర్తించేది. ఒక ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణలకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. మీ బోధకుల జీతాలు, సమన్వయకర్త జీతం ప్రాజెక్టు ఖర్చే. చాలా చిన్న సంస్థలు భయపడి జీతాలు తగ్గించి, ఆ లోటును సంచులు, టీ షర్టుల కింద చూపిస్తాయి. మా దగ్గర కూడా ఇది తెలియక 'మీకు 5 శాతమే' అనేవారు ఉన్నారు, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

మీకిచ్చిన డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని మా ప్రధాన ఆర్థిక అధికారి సంతకంతో ధ్రువీకరించాలి. మేము బిల్లుల కోసం ప్రాణాలు తీసేది అందుకే.

గట్టు మీద | జనవరి 8, రాత్రి 8:25

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది కోనసీమ, చిన్న గ్రంథాలయ సంస్థ. డాలస్‌లో ఉంటున్న మా పెదనాన్న కొడుకు 3 లక్షలు ఇస్తానంటున్నాడు. దాన్ని మా వాటాగా చూపించి కంపెనీని అడగవచ్చా?

ఎర్రసిరా | జనవరి 8, రాత్రి 9:00

అన్నయ్య పాస్‌పోర్టు ఏ రంగు?

గట్టు మీద | జనవరి 8, రాత్రి 9:04

పోయిన ఏడాది అమెరికా పౌరసత్వం వచ్చింది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉంది. సంక్రాంతికి వస్తున్నాడు, ఇక్కడే రూపాయల్లో ఇస్తాడు.

ఎర్రసిరా | జనవరి 8, రాత్రి 9:20

తీసుకోకండి. విదేశీ పౌరుడు ఇచ్చింది రూపాయల్లో ఇచ్చినా, అరుగు మీద కూర్చుని ఇచ్చినా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) దృష్టిలో విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు ఉన్నా మారదు. భారత పాస్‌పోర్టుతోనే అక్కడ ఉంటున్నవారైతే బ్యాంకు ద్వారా పంపవచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, గత మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మీ గ్రంథాలయం ఆ లెక్కకు చేరినప్పుడు మాట్లాడుకుందాం. అన్నయ్యను పండక్కి అరిసెలు తిని వెళ్లమనండి.

పలకాబలపం | జనవరి 11, రాత్రి 10:30

మూడు రోజులు మాట్లాడలేదు, పని చేశాను. సవరించిన బడ్జెట్ ఇది. ఎనిమిది బడులు. బోధకులకు నెలకు 5,000 చొప్పున 4,80,000. సమన్వయకర్తకు నెలకు 15,000 చొప్పున 1,80,000. ఇన్నాళ్లూ ఆ పని జీతం లేకుండా నేనే చేశాను. వారంలో రెండు రోజులు వచ్చే పద్దుల మనిషికి 60,000. పుస్తకాలు, పలకలు 70,000. పిల్లలకు శనగలు, అటుకులు 1,00,000. ప్రయాణాలు 50,000, ఆడిట్ 20,000, పిల్లల చదువు స్థాయి మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చూడటానికి 20,000. మొత్తం 9,80,000.

హాజరు పుస్తకాల్లో మూడు ఊళ్లలో వెళ్లిన తేదీలు ఉన్నాయి, రాసింది ఎవరో కాదు, మా బోధకురాలు ఒకామె. ఆమే పదో తరగతి రెండుసార్లు మధ్యలో ఆపి పుణె వెళ్లి వచ్చింది. మిగతా మూడు ఊళ్లలో వెళ్లిన పిల్లల ఎదుట వరుసగా సున్నాలు చుట్టారు.

చింతచెట్టు నీడ | జనవరి 12, ఉదయం 6:45

బాగుంది. రెండు సవరణలు. సమన్వయకర్త జీతం మీకే అయితే, మీరు కార్యదర్శి కూడా కాబట్టి, ఆ తీర్మానం జరిగేటప్పుడు మీరూ మీ వారూ ఓటు వేయకుండా పక్కకు జరిగారని పుస్తకంలో ఉండాలి. మీ బైలాలు కార్యవర్గ సభ్యులకు జీతం ఒప్పుకుంటాయో లేదో ముందు చూడండి.

రెండు, 9,80,000 మొత్తం కంపెనీనే అడగకండి. మీ దుకాణదారుల చందా ఒక లక్ష అయినా మీ వాటాగా పెట్టండి. వేరుశనగ గారి భయానికి మందు అదే. నిధి పద్దుకు విడిగా లెడ్జర్ తెరవండి. బ్యాంకు ఖాతా ఒకటే ఉన్నా ఏ రూపాయి ఎవరిదో తెలియాలి.

బల్లకు అవతల | జనవరి 12, ఉదయం 10:10

పిల్లలతో పని కాబట్టి బాలల రక్షణ విధానం ఒక పేజీ అయినా రాసుకోండి: ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, బోధకుల పూర్వాపరాలు ఎవరు చూస్తారు, ఫోటోలకు తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకుంటారు. అడగకముందే ఇచ్చినవారిని మేము గుర్తుపెట్టుకుంటాం. ఇక పాన్ సవరణ, కమిటీ మార్పు ఈ మార్చిలోపు పూర్తి కాకపోవచ్చు. ఆ కంపెనీకి ఫోను చేసి ఆ మాటే చెప్పండి.

పలకాబలపం | జనవరి 29, రాత్రి 9:55

చెప్పాను. అవతల ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'అయితే జూన్‌లో పిల్లలు తిరిగొచ్చాక మేమే వచ్చి చూస్తాం' అంది. వస్తారో రారో తెలియదు. పాన్ సవరణకు పెట్టాం. రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుము కట్టాం. 10ఏబీ మా ఆడిటర్ గారు పెట్టారు.

నిన్న సర్వసభ్య సమావేశం జరిగింది. మొదటిసారి నిజంగా జరిగింది. ఐదుగురు తల్లులు కొత్తగా చేరారు. మా మామగారు తానే లేచి తప్పుకుంటున్నానన్నారు, చప్పట్లు కొట్టాం. అటుకులు వద్దు ఉడికించిన శనగలే పెట్టాలని ఒక తల్లి, వంట ఎవరు చేస్తారని ఇంకొకామె, అరగంట వాదులాడుకున్నారు. అంతా పుస్తకంలో రాశాను.

ఇవాళ స్టాక్ రిజిస్టర్ మొదలుపెట్టాం. ఎర్రసిరా గారికి ఒక ప్రశ్న. బిల్లుల ప్రకారం పలకలు 212 ఉండాలి. లెక్కపెడితే 187. మిగతా 25 పోలేదు, విరగలేదు. పిల్లలు ముంబై, పుణె పట్టుకుపోయారు. దీన్ని ఏ గడిలో రాయాలి?

ఎర్రసిరా | జనవరి 30, ఉదయం 6:20

'పిల్లల వెంట వెళ్లినవి' అని కొత్త గడి గీయండి. ఏ పలక ఏ పిల్లవాడి దగ్గర ఉందో పేరు, వెళ్లిన ఊరు. తిరిగి వచ్చినప్పుడు తేదీ వేయడానికి పక్కన కొంచెం ఖాళీ వదలండి.